పార్కు పక్క ఊళ్లో పర్యాటకం నడపడం ఎలా: నీళ్లు, చెత్త, గేటు, డబ్బు

ఇది పాపికొండల జాతీయ ఉద్యానం అంచున ఉన్న మారేడుమిల్లి లాంటి ఊళ్ల కోసం, నల్లమల పులుల అభయారణ్యాల గుమ్మంలో ఉన్న మన్ననూరు, దోర్నాల, సున్నిపెంట లాంటి ఊళ్ల కోసం. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, వన సంరక్షణ సమితుల సభ్యులు, నాలుగు గదుల హోమ్‌స్టే పెట్టాలనుకునే పొదుపు సంఘాల మహిళలు వాడుకోవాలి. ఈ ఊళ్లలో గదులు ముందు లేస్తాయి, నీళ్ల గురించి, చెత్త గురించి ఆలోచన తర్వాత మొదలవుతుంది. ఆ వరస తిరగేయాలి. ఊరు ఎంతమందిని మోయగలదో తేల్చాకే ఎన్ని గదులో తేల్చాలి.

ముందు ఏ నేల ఏ చట్టం కిందుందో తెలుసుకోండి

రెవెన్యూ గ్రామపటం ఒకటి, అటవీ శాఖ రేంజి కార్యాలయంలో ఉండే హద్దుల పటం ఒకటి తీసుకుని పక్కపక్కన పెట్టండి. నాలుగు గీతలు రంగులతో గీయాలి: జాతీయ ఉద్యానం లేదా పులుల కోర్ (నడిమి రక్షిత అడవి) హద్దు, బఫర్ (కోర్ చుట్టూ ఉండే ప్రాంతం) హద్దు, పర్యావరణ సున్నిత ప్రాంతం (రక్షిత అడవి చుట్టూ కట్టడాలకు షరతులుండే మేర) హద్దు, షెడ్యూల్డ్ ప్రాంతం (గిరిజన ఏజెన్సీ) హద్దు. సున్నిత ప్రాంతం నోటిఫికేషన్ వెలువడి ఉంటే దాని అనుబంధంలో గ్రామాల పేర్లు, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ముసాయిదా దశలోనే ఉంటే అభ్యంతరాలు చెప్పడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ 60 రోజుల్లో గ్రామ సభ పెట్టి తెలుగులో తీర్మానం రాసి పంపండి. గడువు దాటాక రాసిన అర్జీకి విలువ తగ్గిపోతుంది.

ఈ నోటిఫికేషన్లలో సాధారణంగా ఉండే షరతు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. రక్షిత ప్రాంతం హద్దు నుంచి 1 కిలోమీటరు లోపు, లేదా సున్నిత ప్రాంతం అంతకంటే సన్నగా ఉంటే దాని చివరి వరకు, కొత్త వాణిజ్య హోటళ్లు, రిసార్టులు కట్టకూడదు. పర్యావరణ పర్యాటకానికి చిన్న తాత్కాలిక కట్టడాలకే మినహాయింపు. పునాది పడ్డాక ఈ సంగతి తెలిస్తే అప్పు తెచ్చుకున్నవాళ్లే నష్టపోతారు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది. దీని గురించి చాలామందికి సగమే తెలుసు. అమ్మకం ఒక్కటే చెల్లదనుకుంటారు. ఆ చట్టంలో బదిలీ అంటే లీజు, తాకట్టు కూడా వస్తాయి. గిరిజనుడి పొలాన్ని బయటివాళ్లు పదేళ్లకు లీజు రాయించుకుని టెంట్లు వేస్తే ఆ కాగితం నిలవదు. బినామీ పేరు మీద రాసినా అంతే. గ్రామ సభలో ఈ విషయం మైకులో చదివి వినిపించండి, ఎందుకంటే లీజు కాగితం మీద వేలిముద్ర వేసేది దీని సంగతి తెలియనివాళ్లే.

అటవీ హక్కుల చట్టం, 2006 సెక్షన్ 3(2) కింద గ్రామ సభ సిఫారసుతో బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులైను, రోడ్డు లాంటి 13 రకాల పనులకు 1 హెక్టారు లోపు అటవీ భూమి మళ్లించుకోవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఆ 13లో పర్యాటకుల బస లేదు. కమ్యూనిటీ హాలు పేరుతో అనుమతి తెచ్చి గదులుగా అద్దెకిస్తే, రేపు నిజంగా పైపులైను కావాలన్నప్పుడు ఎవరూ నమ్మరు.

మే నెలలో బోరును కొలవండి

ఊరి సామర్థ్యం తేల్చడానికి పెద్ద కన్సల్టెంట్లు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము, చేతి గడియారం, నోటుపుస్తకం చాలు. కొలవాల్సింది మాత్రం మే రెండో వారంలోనే. నవంబరులో కొలిస్తే అంకె అబద్ధం చెబుతుంది.

మోటారు వేసిన గంటకు డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండిందో రాయండి. ఆపకుండా నడిపి ఐదో గంటలో మళ్లీ కొలవండి. మొదట 3 నిమిషాల్లో నిండింది అంటే గంటకు 4,000 లీటర్లు. ఐదో గంటలో 4 నిమిషాలు పట్టింది అంటే 3,000. లెక్కలోకి తీసుకోవాల్సింది ఈ రెండో అంకె. ఊళ్లోని ప్రతి ప్రభుత్వ బోరుకూ, ఊట పథకానికీ ఇలాగే చేసి, రోజూ ఎన్ని గంటలు కరెంటు ఉంటుందో దానితో గుణించి కూడండి.

తర్వాత ఖర్చు వైపు. గ్రామీణ తాగునీటికి జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. హోటల్లో బస చేసే మనిషికి భారత ప్రమాణాల సంస్థ లెక్క 180 లీటర్లు. అంటే రాత్రి బస చేసే ఒక్క అతిథి ఊళ్లో ముగ్గురికి పైగా మనుషుల నీళ్లు వాడతాడు. ఊళ్లో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు పక్కనే రిసార్టు తోటకు స్ప్రింక్లర్ తిరుగుతుంటే పర్యాటకం మీద వచ్చే కోపం అక్కడ పుడుతుంది. అది న్యాయమైన కోపం.

లెక్క తీరు చూపడానికి ఊహించిన అంకెలు ఇవి. ఊళ్లో 2,000 మంది, మేలో దొరికే నీళ్లు రోజుకు 1,60,000 లీటర్లు. ఊరికి 1,10,000 పోతుంది. పశువులకు, బడికి, లీకేజీకి 20,000 పక్కన పెట్టండి. మిగిలింది 30,000. వంద మంది బస చేస్తే 18,000. మిగతా 12,000 లీటర్లతో, పగటి సందర్శకుడికి 20 లీటర్ల చొప్పున, 600 మందిని మోయవచ్చు. ఇక ఆ ఊళ్లో వంద పడకలు దాటకూడదు. 101వ పడకకు అనుమతి అడిగినవాళ్లు తమ కప్పు మీద పడే వాననీటిని ట్యాంకులో పట్టి నిల్వ చేసి చూపాలి. ట్యాంకర్లు తెప్పిస్తామంటే ఒప్పుకోకండి. ఆ ట్యాంకరు పక్క ఊరి వాగులోంచి, అడవి జంతువులు తాగే మడుగులోంచి వస్తుంది.

వాడిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగై తిరిగొస్తుంది. ఇరవై మంది అతిథులుండే పది గదుల లాడ్జి రోజుకు 3,600 లీటర్లు వాడి 2,900 లీటర్ల మురుగు వదులుతుంది. సెప్టిక్ ట్యాంకు, దాని వెనక ఇంకుడు గుంట లేకుండా గదుల అనుమతి ఇవ్వొద్దు. ఇంకుడు గుంట బావికి, బోరుకు కనీసం 15 మీటర్ల దూరంలో, వాగు వైపు వాలు లేని చోట ఉండాలి. వంటింటి నీళ్లకు విడిగా జిడ్డు తొట్టి పెట్టి వారానికోసారి తీయాలి. అది మానేస్తే నూనె పేరుకుని ఇంకుడు గుంట మూసుకుపోతుంది, మురుగు పొంగి వాగులోకి పారుతుంది.

బొంగు చికెన్ కోసం బొంగులు ఎక్కడినుంచి?

మారేడుమిల్లి వెళ్లినవాళ్లు బొంగు చికెన్ తినకుండా రారు. ఆ దుకాణం ముందు ఓ పావుగంట నిలబడి చూడండి. పచ్చి వెదురు గొట్టం, అడుగున కణుపు మూత. మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద పెడతారు. నూనె పొయ్యరు, బొంగులోని పచ్చిదనమే ముక్కను ఉడికిస్తుంది. ఎండు బొంగు పనికిరాదు, కాలిపోతుంది. కాల్చిన గొట్టం మళ్లీ పనికిరాదు. అందుకే అమ్మిన ప్రతి ప్లేటుకూ ఒక పచ్చి గొట్టం ఖర్చు. శని, ఆదివారాల్లో ఎన్ని గొట్టాలు మండుతున్నాయో దుకాణాలవారీగా నాలుగు వారాలు లెక్క రాయించండి. ఆ అంకె చూశాకే వెదురు సంగతి ఎవరికైనా అర్థమవుతుంది.

జాతీయ ఉద్యానం లోపల కొట్టడం నేరం, దాని మీద చర్చ లేదు. వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి కాబట్టి సాముదాయక అటవీ హక్కు పత్రం ఉన్న ఊరు తన హద్దులో కొట్టుకోవచ్చు, పద్ధతి ప్రకారం. ఆ ఏడాది పుట్టిన పిలకనూ, నిరుటి బొంగునూ ముట్టకూడదు. పొదలో పెద్ద బొంగులు కనీసం ఎనిమిదైనా మిగలాలి. నేల నుంచి జానెడు ఎత్తులో, కణుపుకు సరిగ్గా పైన కోయాలి. కణుపుకు కింద కోస్తే మొదట్లో గిన్నెలా గొట్టం మిగిలి, నీళ్లు నిలిచి దుంప కుళ్లుతుంది. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు ఆఖరు వరకు పిలకలు లేచే కాలం, అప్పుడు కత్తి పొదలోకి పోకూడదు. ఇక్కడే చిక్కు వస్తుంది. జలపాతాలు నిండే ఆ నెలల్లోనే జనమూ వస్తారు. అందుకే ఊరికి సొంత వెదురు తోట ఉండాలి. ఐదు మీటర్లకు ఒకటి చొప్పున ఎకరానికి 160 మొక్కలు పడతాయి. నాలుగైదేళ్లకు గానీ మొదటి కోత రాదు. ఈ వానలకే పెట్టండి. తోట చేతికొచ్చేదాకా వానాకాలంలో మట్టికుండ చికెన్ అమ్మండి, అతిథికి కారణం చెప్పండి. చెబితే వింటారు.

అడ్డాకుల విస్తళ్లది వేరే కథ. కొమ్మ నరక్కుండా ఆకు మటుకు కోస్తే తీగ మళ్లీ చిగురిస్తుంది. ప్లాస్టిక్ ప్లేటు మాన్పించి ప్రతి హోటల్లో విస్తరి పెట్టిస్తే కొండరెడ్డి ఇళ్లలో ఆడవాళ్ల చేతికి కూలి చేరుతుంది. ధర మాత్రం హోటలువాళ్లు కాకుండా సంఘమే కట్టాలి.

చెత్త, కుక్క, చిరుత

ఈ మూడింటికీ ఉన్న లంకె తెలియక ఊళ్లు చాలా నష్టపోతున్నాయి. కోడి ఎముకలు, మిగిలిన బిర్యానీ రోడ్డు పక్కన పడితే కుక్కలు మందలవుతాయి, పందులు, కోతులు చేరతాయి. కుక్కల్ని వెతుక్కుంటూ చిరుత ఊరంచుకు వస్తుంది. కుక్కల మంద పగలు అడవిలోకి పోయి దుప్పి పిల్లల్ని చంపుతుంది, డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు) లాంటి జబ్బులు మోసుకెళ్తుంది. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు వాటిలో ఈ డిస్టెంపర్ వైరస్ బయటపడింది.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం 15 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 తర్వాత నడకదారిలోకి వదలకుండా ఆపింది, భక్తులకు చేతికర్రలిచ్చింది, గుంపులుగా నడవమంది, జంతువులకు తిండి పెట్టొద్దని, దుకాణాల చెత్త బయట పడెయ్యొద్దని హెచ్చరించింది. ఈ పనులన్నీ ప్రమాదం జరక్కముందే ఏ ఊరైనా చేసుకోవచ్చు.

చేయాల్సిన పద్ధతి ఇది. ముందు ఏడు రోజులు ఊరి చెత్తను తూకం వేయండి. అందులో శని, ఆదివారాలు తప్పకుండా ఉండాలి. తడి, పొడి, మాంసం వ్యర్థాలు మూడూ విడివిడిగా తూయాలి. చెత్తబండి, మనుషుల సంఖ్య ఆదివారం తూకాన్ని బట్టి పెట్టుకోవాలి. సగటును బట్టి పెడితే ప్రతి సోమవారం పొద్దున రోడ్డంతా గుట్టలు ఉంటాయి.

హోటళ్ల తడి చెత్త సాయంత్రం 6 లోపు ఎత్తేయాలి. రాత్రి బయట ఉండకూడదు. డబ్బాకు మూత చాలదు, కొక్కెం ఉండాలి, కోతి మూత తీస్తుంది. కూరగాయల చెత్తకు రెండింతలు ఎండుటాకు కలిపి ఎరువు గుంతలో పొరలుగా వేయండి. గుప్పిట్లో పిండితే చెయ్యి తడవాలి గానీ నీరు కారకూడదు. కంపు కొడితే తడి ఎక్కువై గాలి ఆడడం లేదని అర్థం, ఎండుటాకు కలిపి తిరగేయండి. రెండు నెలల్లో ఎరువవుతుంది. మాంసం, ఎముకలు ఇందులో వేయకండి. వాటికి వేరే గుంత తవ్వాలి, మీటరు లోతున, ఏ రోజుది ఆ రోజు జానెడున్నర మట్టి కప్పి, పైన ఇనుప జాలీ వేసి రాళ్లు పెట్టాలి. లేదంటే పంది తవ్వేస్తుంది.

నీళ్ల సీసాలకు డిపాజిట్ పెట్టండి. చెక్‌పోస్టు దగ్గర సీసాకో స్టిక్కర్ అంటించి 20 రూపాయలు తీసుకుని, తిరిగొచ్చేటప్పుడు సీసా చూపితే ఇచ్చెయ్యాలి. ఇది చెడిపోయేది ఒక్కచోటే. సాయంత్రం 4 నుంచి 6 మధ్య ఒకే బల్ల ఉంటే వాళ్లు విసిగి సీసా విసిరేసి పోతారు. ఆ రెండు గంటలు మూడు బల్లలు పెట్టండి, చిల్లర ముందే సిద్ధం చేసుకోండి. మిగిలిపోయిన డిపాజిట్ డబ్బు చెత్త ఎత్తేవాళ్ల జీతాలకే వెళ్లాలి.

కుక్కల్ని పట్టి ఎక్కడో వదిలేయడం చట్టం ఒప్పదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, పట్టిన చోటే వదలాలి. తిండి దొరక్కుండా చేయకుంటే ఎన్ని ఆపరేషన్లు చేయించినా మంద తగ్గదు.

గేటు, రోడ్డు, జాతర

హైదరాబాద్–శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర, అటు దోర్నాల దగ్గర, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి గేట్లు మూసేస్తారు. జంతువులు చక్రాల కింద పడకుండా చేసిన మంచి ఏర్పాటు ఇది. కానీ 8 నుంచి 9 మధ్య ఎలాగైనా దాటాలని బండ్లు పరుగులు తీస్తాయి, సరిగ్గా దుప్పులు రోడ్డు దాటే వేళలో. దీనికి మందు గేటు ముందు లేదు, యాభై అరవై కిలోమీటర్ల వెనక ఉంది. అచ్చంపేట ముందే పెద్ద బోర్డు పెట్టాలి, పెట్రోలు బంకుల్లో, డాబాల్లో చెప్పించాలి. రెండో పని గేటు ఊళ్లో రాత్రి బస. ఆగిపోయిన కుటుంబానికి వెలుతురున్న పార్కింగు, ఆడవాళ్లకు తాళం వేసుకునే మరుగుదొడ్డి, తాగునీరు, తెల్లారి 5కే టీ దొరికితే గేటు దగ్గర గొడవలు సగం తగ్గుతాయి, ఆ వ్యాపారం ఊరిదే అవుతుంది.

రోడ్డు పక్కన కోతులకు అరటిపళ్లు అమ్మే బండ్లను గ్రామ సభ తీర్మానంతో ఆపించండి. అమ్మేవాళ్ల బతుకు పోకుండా పార్కింగులో చోటివ్వాలి. పండు కోసం రోడ్డు మీద కూర్చోడానికి అలవాటుపడ్డ కోతి లారీ కింద పడుతుంది, లేదా పిల్లల చేతిలో సంచి లాక్కుంటుంది.

మారేడుమిల్లి దగ్గరి గుడిస లాంటి గడ్డి కొండల మీద జీపులు గడ్డిలోకి దిగకూడదు. ఒక వానాకాలం చక్రాలు తిరిగితే ఆ గాడిలోనే నీళ్లు పారి కొండ కోసుకుపోతుంది. బండి ఆగే చోటు రాళ్లతో గీత గీసి, అక్కడినుంచి నడిపించండి. పైన రాత్రి టెంట్లు, మంటలు వద్దు.

జాతరలకు లెక్క వేరు. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం, శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలం కాలిబాట. అక్కడ భక్తుల్ని ఆపడం గురించి ఆలోచించకండి, అది తరాల నడక. అగ్గిపెట్టె, బీడీలు అడవిలోకి పోకుండా చూడటం, అన్నదానాలు ముందే నమోదు చేయించి ఆకు విస్తళ్లకే ఒప్పించడం, దారి తెలిసిన చెంచులకు రోజు కూలి కట్టి ప్రతి మలుపులో నిలబెట్టడం ముఖ్యం. కూలి ఏ రోజుకారోజు సాయంత్రం చేతిలో పెట్టాలి. నెల తర్వాత బిల్లు వస్తుందంటే మరుసటేడు ఎవరూ రారు.

డబ్బు ఎవరికి చేరుతోంది

పులుల అభయారణ్యం గేటు రుసుములు వన్యప్రాణి చట్టం సెక్షన్ 38ఎక్స్ కింద ఏర్పడిన పులుల సంరక్షణ ఫౌండేషన్‌కు వెళ్తాయి. ఊరి పనులకు అందులోంచి ఎంత వచ్చిందో ఏటా గ్రామ సభ రాతపూర్వకంగా అడగాలి. మారేడుమిల్లిలో వలమూరు వన సంరక్షణ సమితి బస నడిపినట్టు సమితే నడిపే చోట, నెల ఆదాయం, జీతాలు, కరెంటు, మరమ్మతులు, మిగులు, ఐదు అంకెలు పంచాయతీ గోడ మీద రంగుతో రాయించండి. రిజిస్టరులో ఉన్నది ఎవరూ చదవరు.

దీనికి తోడు ఊరి సొంత నిధి ఉండాలి. గదికి రాత్రికి 50 రూపాయలు చాలు. 40 గదులు ఏడాదిలో 150 రాత్రులు నిండితే 3,00,000 రూపాయలు వస్తాయి. వసూలుకు చట్టబద్ధమైన దారి ఏదో జిల్లా పంచాయతీ అధికారితో ముందే ఖాయం చేసుకోండి. ఈ డబ్బును స్వాగత ద్వారాలకు, విగ్రహాలకు ఖర్చు పెట్టకండి. జంతువుల వల్ల నష్టపోయే ఇళ్లకు ఇది మొదట చేరాలి. అవి సాధారణంగా రోడ్డుకు దూరంగా, ఒక్క పర్యాటకుడి ముఖం కూడా చూడని గూడేల్లో ఉంటాయి.

ఆవును పులో చిరుతో చంపితే వరస ఇది: కళేబరాన్ని కదిలించొద్దు, చర్మం తీయొద్దు. చుట్టూ అడుగుజాడలు తొక్కకుండా ఫొటోలు తీయండి, చెవి పోగు నంబరు కనబడాలి. వెంటనే బీటు అధికారికి ఫోను చేసి, ఆ రోజే అర్జీ రాసిచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. పశువైద్యుడి ధ్రువీకరణ, పంచనామా అయ్యాక ఊరి నిధిలోంచి సగం విలువ వారంలోపు ఇచ్చేయండి, సర్కారు పరిహారం వచ్చాక నిధికి తిరిగి జమ చేయించుకోవచ్చు. ఆ పరిహారం వచ్చేలోపు జరిగే ఆలస్యంలోనే కడుపు మండి కళేబరం మీద పురుగుమందు చల్లుతారు. దాంతో పులి, దాని పిల్లలు, నక్కలు, రాబందులు చనిపోతాయి, ఆ రైతు జైలుకు పోతాడు.

పందుల కోసం కరెంటు తీగ పెట్టడం మరీ ఘోరం. రాత్రి పొలానికి పోయిన పక్కింటివాడే చనిపోతాడు. సోలార్ కంచె పెట్టండి. కింది తీగ నేలకు జానెడు ఎత్తున ఉండాలి, లేకపోతే పంది దూరుతుంది. ఎర్తు రాడ్లు మూడు, మూడేసి మీటర్ల దూరంలో, తడి నేలలో దిగేయాలి. వోల్టేజి మీటరుతో వారానికోసారి చూడండి, 4,000 వోల్టుల కంటే పడిపోతే పంది లెక్కచేయదు. పడిపోవడానికి ఎక్కువసార్లు కారణం తీగకు తగిలే గడ్డి. వానాకాలంలో పది రోజులకోసారి కోయాల్సిందే, ఆ కూలికి నిధిలో పద్దు ఉండాలి. కొన్నాక కోత కూలికి డబ్బు లేక మూలపడ్డ కంచెలు ఏజెన్సీలో కనబడతాయి.

రాత్రి పదికి

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారమే నిషిద్ధం. డీజే పెట్టిన రిసార్టుకు మొదటిసారి నోటీసు, రెండోసారి లైసెన్సు రద్దు అని అనుమతి కాగితంలోనే రాయండి. బయటి దీపాలు పసుపు రంగువి, నేల వైపు తిప్పినవి ఉండాలి. ప్రహరీ గోడలు జంతువుల దారికి అడ్డంగా కట్టనీయకండి. ఏ వాగు వెంట, ఏ గట్టు మీదుగా దుప్పులు దిగుతాయో మేకల కాపర్లకు తెలుసు, అనుమతి ఇచ్చేముందు వాళ్లను వెంటబెట్టుకుని ఆ స్థలం నడిచి చూడండి.

ఏటా మే రెండో వారంలో డ్రమ్ము మళ్లీ అదే బోరు కింద పెట్టండి. నిరుడు నాలుగు నిమిషాలు పట్టిన చోట ఈసారి ఐదు పడితే ఆ బోరు నీళ్లలో ఐదోవంతు తగ్గినట్టు. కొత్త మొత్తంతో లెక్క మళ్లీ కట్టి, జూన్ గ్రామ సభలో పడకల సంఖ్య ఆ మేరకు తగ్గించి తీర్మానం రాయండి.